కురుమయ్య పెట్టని ఒట్టు

2018 డిసెంబరులో ఒక మంగళవారం, పొద్దున పదకొండింటికి, జడ్చర్ల శివారులోని ఒక ప్రైవేటు పరిశోధన కేంద్రంలో కురుమయ్య అనే అటెండరును అబద్ధాలకోరును చేసి పంపేశారు. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. ఎవరూ గొంతు పెంచలేదు. మనిషి పరువు తీయడానికి చదువుకున్నవాళ్ళకు అవేవీ అక్కర్లేదు. ఒక బల్ల, ఒక కాగితం, నాలుగు కుర్చీలు చాలు. కుర్చీలు నాలుగున్నా కురుమయ్య నిలబడే ఉన్నాడు.

బల్లకు అవతల కేంద్రం అధిపతి ప్రేమ్‌సాగర్. ఇవతలి చివర శ్రవణ్‌కుమార్, అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న ఇరవై ఆరేళ్ళ కుర్రాడు. తలుపు దగ్గర కారు తాళాలు తిప్పుకుంటూ డ్రైవర్ ఐలేశం. అతనిదీ కురుమయ్యదీ ఒకే ఊరు, ఒకే కులం, గొర్రెలు కాసే కురుమ కులం. కాగితం మీద కొన్ని అంకెలు. నూనె చుక్క తగలకుండా పెంచిన పురుగుల ఒంట్లో ఉండకూడని కొవ్వు ఉందని ఆ అంకెలు చెబుతున్నాయి. ఉందంటే ఎవరో తినిపించారు. ఎవరో అంటే, పురుగుల గది తాళం ఎవరి మొలతాడుకు వేలాడుతుందో వాళ్ళు.

ప్రేమ్‌సాగర్ మెత్తగానే అడిగాడు. "డబ్బాలల్లకు మేం ఇచ్చిన మేత తప్ప నీ చేతినుంచి ఇంకేం పోలేదని చెప్పు. గా ఒక్క మాట చాలు."

కురుమయ్య చలికాలం గురించి ఏదో మొదలుపెట్టాడు. ప్రేమ్‌సాగర్ చెయ్యి అడ్డం పెట్టి, కథలు వద్దన్నాడు. అవునో కాదో చెప్పమన్నాడు. కురుమయ్య ఏదీ చెప్పలేదు. అప్పుడు ఆ పెద్దమనిషికి ఒక సరదా పుట్టింది. ఐలేశం ఎప్పుడో కారులో పోతూ చెప్పిన ముచ్చట గుర్తొచ్చింది.

"మీ కురుమోళ్ళు బండారి పట్టి ఒట్టేస్తే అబద్ధమాడరంట కద. జేబుల పెట్టుకునే తిరుగుతవంట. తియ్యి. గదే మాట మీద ఒట్టు పెట్టు. గీ కాగితం గిప్పుడే చింపేస్త."

బండారి అంటే కురుమల కులదేవుడు బీరప్ప గుడి పసుపు. కురుమయ్య చొక్కా జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. విప్పి, చిటికెడు అరచేతిలో వేసుకున్నాడు. అడిగిన మాటను లోపల్లోపల ఒకసారి చదువుకున్నట్టు పెదవులు కదిలాయి.  కాసేపటికి పసుపును మళ్ళీ పొట్లంలోకి రాల్చి, మడతలు సరిచేసి, జేబులో పెట్టుకున్నాడు.

"నాతోని కాదు సార్," అన్నాడు.

అంతే. మధ్యాహ్నం భోజనాల వేళకు తాళం చెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఈ కురుమయ్య కొల్లాపూర్ తోవలోని ఒక చిన్న ఊరివాడు. పుట్టినప్పటినుంచీ గొర్రెల వెనకే నడిచాడు. నలభై గొర్రెల మంద ఉండేది. కొత్త రాష్ట్రం వచ్చిందని ఊళ్ళో డప్పులు కొట్టిన ఏడాదే, ఆ వానల్లోనే, మందకు నీలినాలుక రోగం తగిలింది. మూతులు వాచి, నాలుకలు నల్లబడి, పదిహేను రోజుల్లో ముప్పై ఒకటి పోయాయి. గుంతలు తవ్వి తవ్వి చేతులు పొక్కిన నెలలోనే జడ్చర్లకు వచ్చేశాడు. ముందు ఒక గోదాము దగ్గర కాపలా. తర్వాత ఐలేశం మాట సాయంతో ఈ కేంద్రంలో అటెండరు. భార్య గుర్వమ్మ ఊళ్ళోనే ఉండి కదురు మీద ఉన్ని వడికేది, గొంగళ్ళు నేసేది. కూతురు మల్లీశ్వరి అప్పటికి ఇంటర్ చదువుతోంది. పదిహేను రోజులకోసారి శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళి సోమవారం తెల్లారేసరికి వచ్చేవాడు.

కేంద్రంలో అతనికి అప్పగించింది ఇలకోళ్ళ గది. పొద్దు గూకితే గోడ మూలల్లోంచి కిర్రుమని అరిచే ఆ గోధుమరంగు పురుగులే. కోళ్ళ ఫారాలకు దాణాగా వాటిని పెంచవచ్చా అన్నది అక్కడి పరిశోధన. పురుగులను అలా చూసుకునే మనిషిని శ్రవణ్‌కుమార్ మళ్ళీ చూడలేదు. కురుమయ్య వాటిని మంద అనేవాడు. అరుపును బట్టి ఏ డబ్బాలో నీళ్ళ దూది ఎండిపోయిందో చెప్పేవాడు. పురుగు పాత తోలు వదిలి తెల్లగా, మెత్తగా బయటికి వచ్చే గంటలో ఆ డబ్బాను ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ఒకసారి శ్రవణ్ తొందరలో ఒక డబ్బా ఎత్తబోతే, ఈనుతున్న గొర్రెను ఎవరన్నా లేపుతారా అని మొహం మీదే అడిగాడు.

శ్రవణ్‌ది ఆలేరు దగ్గర మగ్గాల ఇల్లు. తండ్రి వెంకటరాజం ఇప్పటికీ గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. ఆ వంశంలో డిగ్రీ దాటిన మొదటివాడు శ్రవణ్. గదిలో ఇద్దరే ఉన్నప్పుడు కురుమయ్యను ఆట పట్టించేవాడు.

"నీ మందకు ఉన్ని ఎప్పుడు గత్తిరిస్తవన్నా?"

"ముందుగాల మీ బాపును మగ్గం సదురుకోమను సారూ. గత్తిరించంగనే బస్సుకేసి పంపుత."

అటువంటి మనిషి మీద మొదటి మాట వేసింది శ్రవణే.

ఆ పరీక్ష కథ ఇది. పన్నెండు డబ్బాలు. ఆరింటికి పల్లి చెక్క కలిపిన మేత. మిగతా ఆరింటికి నూనె పూర్తిగా తీసేసిన మేత. ఇలా రెండు తరాలు పెంచాక పురుగులను చంపి, పొడి చేసి, హైదరాబాదులో ఒక ప్రయోగశాలకు పంపారు. లినోలిక్ ఆమ్లం అని ఒక కొవ్వు ఉంటుంది. మనిషి, గొర్రె, కోడి, ఏవీ దాన్ని సొంతంగా తయారు చేసుకోలేవు. నూనెల్లోంచో, గింజల్లోంచో, గడ్డిలోంచో తెచ్చుకోవాల్సిందే. అది లేకపోతే తోలు పగులుతుంది, ఎదుగుదల ఆగిపోతుంది. అందుకే దాన్ని ఆవశ్యక కొవ్వు ఆమ్లం అంటారు. కాబట్టి నూనె లేని ఆరు డబ్బాల్లో అది కనపడకూడదు. కనపడకపోతే, పురుగుల మేతకు పల్లి చెక్క తప్పనిసరి అని ఒక పత్రం రాయొచ్చు, డబ్బాలతో సహా ఫొటో దిగొచ్చు. కానీ కనపడింది. తక్కువగానే అయినా, ఆరింటిలోనూ కనపడింది.

ప్రేమ్‌సాగర్ శ్రవణ్‌ను పిలిచి, ఏడాది పని ఎందుకు పాడైందో చెప్పమన్నాడు. శ్రవణ్‌కు గైడు కూడా ఆయనే. ఇంకో ఏడాది ఫెలోషిప్ ఉండదు. ఇంటికి పోయి గుంట మగ్గంలో దిగాల్సి వస్తుంది. అప్పుడు అతని నోటికొచ్చింది ఇది: అటెండరు మధ్యాహ్నం పూట పురుగుల గదిలోనే కూర్చుని జొన్నరొట్టె, పల్లికారం తింటాడు. వాటితో మాట్లాడుతుంటాడు. జాలిపడి ఏమైనా వేసి ఉండొచ్చు.

ఉండొచ్చు అన్నాడు, అంతే. ఆ ఒక్క మాటతో ఒక మనిషిని గోడకు నిలబెట్టవచ్చని అతనికి తెలియనిదేమీ కాదు.

ఇంకొకటి కూడా అతనికి తెలుసు. ఆ మంగళవారం కాగితం చేతిలో పట్టుకుని కూర్చున్నప్పుడే కనిపించింది. ఆరు డబ్బాల అంకెలూ దాదాపు ఒకటే. చాటుగా విదిలించిన రొట్టె తునకలు ఆరు డబ్బాల్లో తూకం వేసినట్టు సమానంగా పడవు. ఒక డబ్బాలో ఎక్కువ, ఒక దాంట్లో తక్కువ, ఒక దాంట్లో అసలు లేకపోవడం, అలా ఉండాలి. నోరు తెరిచి ఆ ముక్క అంటే చాలు. కురుమయ్య అరచేతిలో పసుపు పట్టుకుని నిలబడినంతసేపూ శ్రవణ్ ఆ అంకెలనే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఆ ఆరు డబ్బాలను, మేత కల్తీ అయిందని ఒక వాక్యం రాసి, తన సిద్ధాంత గ్రంథంలోంచి తీసేశాడు. పట్టా వచ్చింది. ఆలేరులో వాళ్ళ వీధిలో స్వీట్లు పంచారు.

వార్త కురుమయ్యకంటే ముందే ఊరు చేరింది. ఐలేశం పగబట్టి చెప్పింది కాదు. ఫోన్లో తమ్ముడితో, పాపం అన్నట్టుగానే చెప్పాడు. ఉద్యోగం పోయిందన్న మాటను ఊరు పెద్దగా పట్టించుకోలేదు. ఉద్యోగాలు పోతూనే ఉంటాయి. బండారి చేతిలోకి తీసుకుని ఒట్టు పెట్టలేకపోయాడన్న మాట దగ్గర అందరూ ఆగిపోయారు. ఎందుకంటే ఆ ఊరి కురుమల్లో బండారి సంచి ఉండేది కురుమయ్య ఇంట్లోనే. తాత కాలంనుంచీ వాళ్ళదే. మేకపోతు మాయమైనా, గట్టు జరిగినా, తగాదా పడ్డ ఇద్దరూ ఆ సంచి ముందుకే వచ్చేవాళ్ళు. పండుగకు అందరి నుదుట పసుపు పెట్టేదీ అతనే. తనే ఒట్టుకు వెనకాడినవాడు ఇంకొకరి ఒట్టును ఎలా పట్టుకుంటాడు? వచ్చే బీరప్ప పండుగకు ముందు పెద్దలు నలుగురూ వాకిట్లో కూర్చుని సంచి అడిగారు. ఎందుకని కురుమయ్య అడగలేదు. లోపలికి పోయి, దూలానికి వేలాడుతున్న సంచిని తీసి, కడిగిన చేతులతో తెచ్చి ఇచ్చాడు.

ఇదంతా జరుగుతున్నప్పుడు శ్రవణ్‌కు ఏమీ తెలియదు. తెలుసుకోవాలని అనుకోలేదు కూడా. జడ్చర్లలోనే ఒక మందుల కంపెనీలో పరీక్షల విభాగంలో ఉద్యోగం దొరికింది. తెల్లకోటు, క్యాంటీను, మూడు షిఫ్టులు.

2021 జూలైలో, కరోనా రెండోసారి వచ్చిపోయిన రోజుల్లో, పని తక్కువగా ఉన్న ఒక మధ్యాహ్నం కంప్యూటర్లో ఏదో వెతుకుతుంటే ఒక వ్యాసం కంటపడింది. పురుగుల్లో ఆవశ్యక కొవ్వు ఆమ్లాలు తయారుచేసుకునే శక్తి ఎలా పుట్టింది అన్నది దాని విషయం. మొదటి పేరాలోనే ఇలకోళ్ళ పేరు ఉంది. శ్రవణ్ చదువుతూ చదువుతూ లేచి నిలబడ్డాడు.

నేతపనివాడి కొడుకు గనక అతనికి అది దారాల్లాగే అర్థమైంది. కొవ్వు అంటే ఒక పొడుగాటి పోగు. పోగు తిన్నగా ఉంటే గడ్డకడుతుంది. ఒకచోట వంపు పెడితే కాస్త మెత్తబడుతుంది. ఆ మొదటి వంపు పెట్టే పనిముట్టు, ఒక ఎంజైము, దాదాపు అన్ని జంతువుల ఒంట్లోనూ ఉంది. మనిషికీ ఉంది, గొర్రెకూ ఉంది. రెండో వంపు పెడితే అదే లినోలిక్ ఆమ్లం. ఆ రెండో వంపు పెట్టే పనిముట్టు మొక్కలకు ఉంది, మనకు లేదు. కానీ కొన్ని పురుగుల్లో, కోట్ల ఏళ్ళ వెనక ఎప్పుడో, మొదటి పనిముట్టు తాలూకు జన్యువు పొరపాటున ఒకటికి రెండైంది. అసలుది తన పని తాను చేస్తూనే ఉంది. అదనంగా పడి ఉన్న నకలు తరతరాలుగా కొంచెం కొంచెం మారుతూ, మారుతూ, రెండోచోట వంపు పెట్టడం నేర్చింది. ఒక్క జాతిలో కాదు. ఇలకోళ్ళు వేరుగా, బొద్దింకలూ చెదలూ వేరుగా, చేలల్లోని పేనుబంక వేరుగా, ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియకుండా, ఎవరి దారిన అవి సంపాదించుకున్నాయి. ఎందుకు వాటికే వచ్చింది, మిగతావాటికి ఎందుకు రాలేదు అంటే ఇంకా ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు.

అంటే ఆ ఆరు డబ్బాల్లో ఎవరూ ఏమీ వెయ్యలేదు. నూనె లేని మేత తిని, ఆ కొవ్వును అవే తయారు చేసుకున్నాయి. అందుకే అంకెలు సమానంగా ఉన్నాయి.

వ్యాసం చివర పాత ఆధారాల పట్టిక ఉంది. ఇలకోళ్ళ ఒంట్లో ఈ సంగతి జరుగుతుందని మొదట కనుక్కుని రాసి అప్పటికి నలభై ఏళ్ళు కావస్తోంది. నలభై ఏళ్ళు. ఆ కేంద్రంలో అద్దాల బీరువాల నిండా పుస్తకాలున్నాయి, ప్రేమ్‌సాగర్ పేరు వెనక నాలుగు పట్టాలున్నాయి, శ్రవణ్ పేరు వెనక ఒకటి చేరింది. చదవాల్సిన ఒక్క కాగితం వాళ్ళలో ఎవరూ చదవలేదు. చదవనందుకు వాళ్ళకు ఏ శిక్షా పడలేదు. పడ్డది అక్షరాలు కూడబలుక్కుని సంతకం చేసే మనిషికి.

ఆ సాయంత్రమే బస్సెక్కాలనుకున్నాడు శ్రవణ్. ఎక్కలేదు. వెళ్ళి చెబితే, తన పుస్తకంలో కల్తీ అని తీసేసిన పేజీ అబద్ధమని ఒప్పుకోవాలి. అది బయటికి వస్తే పట్టా ఏమవుతుందో, ఉద్యోగం ఏమవుతుందో. వచ్చే ఆదివారం అనుకున్నాడు. తర్వాత దసరా సెలవులు అనుకున్నాడు. పెళ్ళయింది. కురుమయ్య ఊరికి జడ్చర్ల బస్టాండు నుంచి పొద్దున రెండు, సాయంత్రం రెండు బస్సులు. వాటి బోర్డులు చూసీ చూడనట్టు రెండేళ్ళు వాటి పక్కనుంచే నడిచాడు.

2023 ఆగస్టులో ఒకరోజు అదే బస్టాండులో ఐలేశం ఎదురయ్యాడు. అతను ఇప్పుడు సొంత ఆటో నడుపుతున్నాడు. శ్రవణ్‌ను పైనుంచి కిందికి చూసి, సారుకు పొట్ట వచ్చిందని నవ్వాడు. పాత కేంద్రం ముచ్చట్లు దొర్లాయి. మాటల మధ్యలో శ్రవణ్ ఏమీ ఎరగనట్టు కురుమయ్య ఎలా ఉన్నాడని అడిగాడు.

"ఏడున్నడు సార్, మనిషి సగమైండు. దమ్ము రోగం. గుర్వమ్మ పోయిన ఏడు వానకాలంల సచ్చిపాయె. గుండె ఆగింది. గప్పటిసంది ఒక్కడే కూసుంటడు, పండుగకు గూడ రాడు." ఐలేశం ఆటో హ్యాండిల్‌ను గోటితో గీకాడు. "గా దినం నేను ఊర్లె జెప్పకపోతె మంచిగుండు. నా నోరు గిట్లనే ఉంటది సార్. మీ నోరు మంచిది, ఎప్పుడు మూసుకునే ఉంటది."

వెక్కిరింపో, ఊరికే అన్నాడో శ్రవణ్‌కు అర్థం కాలేదు. తెల్లారి సెలవు పెట్టి, ఆ వ్యాసం అచ్చు తీసుకుని, మొదటి బస్సెక్కాడు.

ఊరి చివర రెండు గదుల రేకుల ఇల్లు. వాకిట్లో ఆరు గొర్రెలు కట్టేసి ఉన్నాయి. అత్తగారి ఊరినుంచి తండ్రిని చూసుకోవడానికి వచ్చిన మల్లీశ్వరి మంచినీళ్ళ చెంబు ఇచ్చి, బాపు గొర్రెలకు ఆకు తేవడానికి మెట్ట చెలకకు పోయాడని, వస్తాడని చెప్పింది. ఎవరో ఏమిటో తెలిశాక ఆమె మొహం గట్టిపడింది. అయినా పొమ్మనలేదు. గడప మీద కూర్చుని, ఎటో చూస్తూ తల్లి సంగతి చెప్పింది.

ఊరు ఏమనుకున్నా గుర్వమ్మకు పట్టింపు లేదట. సంచి పోయినా ఏడవలేదట. ఆమె బాధ వేరు. మల్లీశ్వరి పుట్టిన ఏడు ఆమె తన చేతులతో వడికి, నేసి, చింతగింజల గంజి పట్టించి మొగుడికి ఒక గొంగడి ఇచ్చింది. కురుమయ్య దాన్ని జడ్చర్లకు కూడా తీసుకుపోయేవాడు. ఉద్యోగం పోయి ఇంటికొచ్చినప్పుడు చూస్తే దాని ఒక మూల లేదు. ఏమైందంటే ఎలుకలు కొరికాయన్నాడు. గొంగడి నేసిన మనిషికి ఎలుక కొరుకుడేదో, కత్తెర కోతేదో తెలియదా? అంచు తిన్నగా ఉంది. నా దగ్గర ఇంత చిన్నదానికే అబద్ధమాడినవాడు అక్కడ ఎంత పెద్దదానికి ఆడాడో అని ఆమె మనసులో పడిపోయింది. నువ్వు పురుగులకు పెట్టావా లేదా, ఊరికి చెప్పకు, నాకొక్కదానికి చెప్పు అని అడుగుతూనే ఉంది. అతను తెలియదనేవాడు. పెట్టినవాడికి పెట్టింది తెలియకపోవడమేమిటి? మూడేళ్ళు ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నారు. ఆమె అడగడం మానేసింది. అతను చెప్పడం ఎప్పుడూ మొదలుపెట్టలేదు.

"మా అవ్వ పాణం పోయేటప్పుడు గూడ ఆయన మొహం దిక్కు సూడలే సార్," అంది మల్లీశ్వరి.

మధ్యాహ్నం దాటాక కురుమయ్య వచ్చాడు. భుజం మీద రావి కొమ్మల మోపు. పది అడుగులకోసారి నిలబడి ఊపిరి తీసుకుంటున్నాడు. శ్రవణ్‌ను గుర్తుపట్టి, మోపు దించి, సారు ఎప్పుడు వచ్చారు, తిన్నారా అని అడిగాడు. కూతురిని చాయ్ పెట్టమన్నాడు. నులక మంచం మీద పరిచి ఉన్న గొంగడిని సర్ది, సారును కూర్చోబెట్టి, తను కింద కూర్చున్నాడు. శ్రవణ్ కూడా కిందికే దిగాడు.

చెప్పాల్సింది శ్రవణ్ చెప్పాడు. పోగులు, వంపులు, నకలు పనిముట్టు, అన్నీ. కురుమయ్య శ్రద్ధగా విన్నాడు. మధ్యలో ఒక్కటే అడిగాడు, మా గొర్రెలకు ఆ విద్య రాలేదా అని. రాలేదని చెప్పాడు శ్రవణ్. పొద్దస్తమానం గడ్డి వెంట తిరుగుతాయి కద, వాటికి ఆ అక్కర పడలేదేమోలే అన్నాడు కురుమయ్య. శ్రవణ్ కాగితాన్ని మడిచి పక్కన పెట్టాడు.

"నువ్వు ఏం పెట్టలేదన్నా. మరి గా దినం ఒట్టెందుకు పెట్టలేదు?"

కురుమయ్య అప్పుడు చెప్పాడు. ఐదేళ్ళుగా ఎవరికీ చెప్పనిది. పురుగులను పొడి చేసి పంపకముందు, ఆ నవంబరు చలిలో రెండు రోజులు కరెంటు పోయి, గదిలో వెచ్చదనం కోసం పెట్టిన బల్బులు ఆరిపోయాయి. నూనె లేని ఆరింటిలో కిటికీ పక్కన ఉన్న మొదటి డబ్బాలో పురుగులు ఒకదాని మీద ఒకటి ముద్దగా పడి, అరవడం మానేశాయి. డబ్బాలో ఏమీ పెట్టకూడదని అతనికి తెలుసు. అయినా ఊరుకోలేక, గొంగడి మూల అరచేతి వెడల్పున కత్తిరించి లోపల పరిచాడు. రెండోరోజు బల్బులు వెలిగాక తీసేశాడు. తీసి చూస్తే, పోగులు అక్కడక్కడా కొరికి ఉన్నాయి. గొంగడికి గంజి ఉంటుంది. చింతగింజల గంజి. గింజ అంటే నూనె ఉంటుంది కదా. తన చేతినుంచి ఏమీ పోలేదని ఒట్టు ఎలా పెడతాడు? గొంగడి ముక్క సంగతి చెబుదామంటే ఆ సారు చెప్పనియ్యలేదు.

"గుర్వమ్మకన్నా చెప్పకపోతివి," అన్నాడు శ్రవణ్.

"గంజి కాసింది ఆమెనే గద సారూ." దగ్గు వచ్చి కాసేపు ఆగాడు. "నా చేతి గంజితోనే నీ కొలువు పోయిందా అని కూసుంటది. అన్నం ముట్టదు. నా మీద కోపమే మంచిగుండె. ఎలుకలని జెప్పిన."

శ్రవణ్ ఆ కాగితాన్ని మళ్ళీ విప్పాడు. గొంగడి ముక్క ఒక్క డబ్బాలోనే ఉందని, కొవ్వు ఆరింటిలోనూ ఒక్క తీరుగా ఉందని, గంజికీ దానికీ సంబంధమే లేదని చెప్పాడు. ఒకటికి రెండుసార్లు చెప్పాడు. గుర్వమ్మ గంజి తప్పు లేదు, నీ తప్పు లేదు, తప్పంతా మాదే అన్నాడు. ఇప్పుడే పెద్దమనుషులను పిలవమని, వాళ్ళందరి ముందూ చెబుతానని, కావాలంటే రాసిస్తానని లేచి నిలబడ్డాడు.

కురుమయ్య వద్దన్నాడు. సంచి ఇప్పుడు తన పెద్దనాయిన మనుమడి ఇంట్లో ఉందని, పిల్లగాడు శుద్ధంగా చూసుకుంటున్నాడని, దాన్ని అక్కడే ఉండనిమ్మని అన్నాడు. మల్లీశ్వరి చాయ్ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టి, పోకుండా గుంజకు ఆనుకుని నిలబడింది. ఆమె అంతా విన్నది. కురుమయ్య ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని, అచ్చులో ఉన్న ఇలకోడి బొమ్మను వేలితో తడిమాడు. పైన చిన్న అక్షరాల్లో ఉన్న తేదీ మీద వేలు ఆగింది. అంకెలు చదవడం అతనికి వచ్చు.

"గీ సంగతి మీకు ఎప్పుడు ఎరుకైంది సారూ?"

పోయిన నెల అనొచ్చు. నిన్న అనొచ్చు. శ్రవణ్ చూపు కింద గచ్చు మీదికి దిగింది. ఈ ఒక్కటైనా నిజం చెప్పాలనుకున్నాడు. రెండేళ్ళయిందన్నాడు. భయపడి రాలేదన్నాడు.

వాళ్ళిద్దరూ కలవడం అదే ఆఖరు. ఆ చలికాలం గడవకముందే కురుమయ్య పోయాడు. ఆ మధ్యాహ్నం ఎవరూ అరవలేదు, ఎవరూ ఎవరినీ తిట్టలేదు. కురుమయ్య కాగితాన్ని మడిచి, తాగని చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత, లెక్క సరిచూసుకున్నవాడిలా మెల్లగా అన్నాడు.

"రెండేండ్ల కిందట గుర్వమ్మ ఉండె సారూ."